పొలం ఓరలు ముందే వదలాలి

లేవీయకాండం 19వ అధ్యాయంలో ఒక రైతు నియమం ఉంది. పంట కోసేటప్పుడు పొలం ఓరల దాకా కోయకూడదు. చేతిలోంచి జారిన పరిగె వెనక్కి తిరిగి ఏరుకోకూడదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లకూ అదే మాట. అవన్నీ బీదవాళ్లకూ పరదేశులకూ. దీన్ని దయ గురించిన వాక్యంగా చదివి ముందుకు వెళ్లిపోవడం మనకు అలవాటు. ఒక్కసారి కొడవలి పట్టుకున్నవాడి వైపు నుంచి చూడండి. ఓర వదలాలంటే ఎక్కడ ఆగాలో కోత మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. అంతా కోసి, నూర్చి, గాదె నింపి, ఆ పైన మిగిలితే పంచమని దేవుడు చెప్పలేదు. ఆ గింజ గాదె గడపే తొక్కకూడదన్నాడు.

నిరాడంబరత గురించీ సేవ గురించీ మనం సంఘాల్లో విడివిడిగా మాట్లాడుకుంటాం. ఒకటి ఉపవాస దినాల ప్రసంగం, రెండోది క్రిస్మస్ ముందు వారం కార్యక్రమం. ఈ విడదీతే రెంటినీ చెడగొట్టిందని నా వాదన. ఎవరికోసమో తెలియని పొదుపు కొన్నాళ్లకు మన మీద మనకున్న మెప్పుగా మారుతుంది. బతుకును ఎక్కడా తగ్గించుకోని సేవ, ఇంట్లో అడ్డమైనవాటిని బయటికి తోసేసే దారిగా మారుతుంది. మనం తగ్గించుకున్న గింజా, పక్కవాడి చేతికి వెళ్లిన గింజా ఒకటే కావాలి.

తొలి తరాల విశ్వాసులు దీన్ని అలాగే పాటించారు. రెండో శతాబ్దంలో ఏథెన్సువాడు అరిస్టైడిస్ రోము చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో క్రైస్తవుల గురించి ఒక సంగతి చెప్పాడు: వాళ్లలో ఎవరికైనా తిండి లేకపోతే, ఇవ్వడానికి తమ దగ్గరా మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు పస్తుండి ఆ తిండి అతనికి అందిస్తారట. అదే శతాబ్దంలో రోములో పుట్టిన ‘హెర్మాసు కాపరి’ అనే రచన ఇంకా వివరంగా చెబుతుంది. ఉపవాసమున్న రోజు, తినకుండా మానేసిన భోజనానికి ఎంతయ్యేదో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని విధవరాలికో అనాథకో లేమిలో ఉన్నవాడికో ఇవ్వాలి. లెక్కగట్టమనడంలోనే ఉంది కిటుకంతా. మానేసిన భోజనం విలువను ఆ రోజే పక్కకు తీయకపోతే నెలాఖరుకు దాని ఆచూకీ ఉండదు. ఇంటి ఖర్చు చిల్లుకుండ. ఒక చోట మిగిలింది ఇంకో చోట కారిపోతుంది. ఆరు నెలలు ఎన్నో మానుకున్నామని నిజాయితీగా నమ్మే కుటుంబం, ఎవరికి ఏం చేరిందంటే చెప్పలేక తడుముకునేది ఇందుకే.

అందుకని ఒక చిన్న పుస్తకం పెట్టండి. మూడు గడులు చాలు: ఏం మానుకున్నాం, దాని విలువ ఎంత, ఎవరికి. ముందుగా నిండాల్సింది మూడో గడి. పేరు రాశాకే మానుకోవడం మొదలుపెట్టండి. రెండు వారాలైనా మూడో గడి ఖాళీగా ఉందంటే మీకు లోటు డబ్బు కాదు. లేమిలో ఉన్నవాళ్లెవరూ మీకు పేరుపెట్టి పిలిచేంత తెలియదన్నమాట. అప్పుడు పొదుపు ఆపి మనిషిని వెతకాలి.

డబ్బు విషయంలో పౌలు ఇచ్చిన పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. 1 కొరింథీయులకు 16వ అధ్యాయంలో, వారం మొదటి రోజున ప్రతి ఒక్కరూ తమకు కలిగినదాన్ని బట్టి కొంత తీసి తమ దగ్గరే ఉంచుకోవాలనీ, తాను వచ్చాక చందా పోగుచేసే పని ఉండకూడదనీ రాశాడు. ప్రసంగం విని కళ్లు చెమర్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టే అలవాటు నుంచి సంఘాన్ని తప్పించాడు. దీన్ని ఇంట్లో అమలు చెయ్యాలంటే మొదటి మూడు నెలలు ఏమీ మార్చకండి, ప్రతి ఖర్చూ రాయండి అంతే. ఒక్క నెల చాలదు; ఒక నెలలో జబ్బు వస్తుంది, ఒక నెలలో శుభకార్యం వస్తుంది, మూడు కలిపి సగటు తీస్తేనే అసలు ఖర్చు బయటపడుతుంది. ఆ సగటులోంచి నిజంగా అక్కర్లేనివి తీసేసి ఒక గీత గీయండి: మన ఇల్లు నెలకు ఇంతలో నడుస్తుంది అని. ఆదాయం చేతికొచ్చిన రోజే ఇవ్వాల్సిన భాగం పక్కన పెట్టండి. పదోవంతుతో మొదలుపెట్టడం చాలామందికి తెలిసిన దారే. వడ్డీ అప్పులున్నవాళ్లు ముందు వాటిని తీర్చాలి, అప్పటిదాకా కొద్ది మొత్తమే తియ్యాలి. అప్పిచ్చినవాడికి రావాల్సింది ఇంకొకరికి దానం చెయ్యడం మన ఇవ్వడం కాదు.

అసలు పరీక్ష ఆదాయం పెరిగినప్పుడు వస్తుంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన 18వ శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్ యువకుడొకరి లెక్క చెప్పాడు; ఆ యువకుడు వెస్లీయేనని చాలామంది అభిప్రాయం. మొదటి ఏడు 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వచ్చింది. 28తోనే బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90 వస్తే 62, నాలుగో ఏడు 120 వస్తే 92. చూడాల్సింది ఇచ్చిన అంకెల్ని కాదు, కదలని 28ని. పదోవంతుకు కట్టుబడినవాడు జీతం నాలుగింతలైతే తన సుఖాన్నీ నాలుగింతలు చేసుకోవచ్చు, పైగా నమ్మకంగా ఇస్తున్నాననీ అనుకోవచ్చు. గీతకు కట్టుబడినవాడికి ఆ వీలు లేదు. గీతను రాయి చెయ్యమని కాదు. ధరలు పెరుగుతాయి, బిడ్డ పుడుతుంది, పెద్దవాళ్లకు మందులు మొదలవుతాయి. ఏడాదికి ఒక్కసారి కూర్చుని మార్చండి. కారణం ఒక్క వాక్యంలో రాయలేకపోతే మాత్రం మార్చొద్దు.

దాచుకోవడం తప్పా అని అడుగుతారు. ఆదికాండం 41లో యోసేపు రాబోయే కరువుకోసం ఏడేళ్లు పంటలో ఐదోవంతు దాచాడు. లూకా 12లోని ధనవంతుడూ దాచాడు. యోసేపు కొట్లకు, అవి తెరవాల్సిన రోజూ అవి తినాల్సిన జనమూ ముందే తెలుసు. ధనవంతుడు మొదటినుంచి చివరిదాకా తనతో తానే మాట్లాడుకున్నాడు. నా పంట, నా కొట్లు, నా ప్రాణమా. మూడు నెలల ఇంటి ఖర్చు నిల్వ ఉండటం అవిశ్వాసం కాదు, జబ్బు పడ్డప్పుడు ఇంకొకరి మీద పడకుండా చేసే ఏర్పాటు. ఆ నిల్వ నిండాక కూడా పోస్తూనే ఉండటం వేరు. అలాగే, దేవునికి అర్పించానన్న సాకుతో తల్లిదండ్రుల్ని గాలికి వదిలినవాళ్లను యేసు మార్కు 7లో ఎంత కటువుగా మందలించాడో మరవొద్దు. ఇంట్లో ముసలివాళ్ల మందులు ఆపి సంఘానికి రాసే చందా ఓర కాదు, పక్క పొలంలో కోసిన పంట.

నిరాడంబరత చెడిపోయే దారులు రెండున్నాయి, రెండూ గౌరవంగానే కనిపిస్తాయి. మొదటిది కొనుక్కునే నిరాడంబరత. ఉన్న సామానంతా తీసేసి, తెల్లగా, పొందిగ్గా కనిపించే కొత్త సామాను తెచ్చుకోవడం. ఉన్న కుర్చీ విరిగేదాకా కూర్చోవడం కంటే సాదా పద్ధతి లేదు. రెండోది ఇంకా లోతైనది: ఇంట్లో ఒకరు నిర్ణయిస్తే ఇంకొకరు మోసే నిరాడంబరత. యంత్రం వద్దనుకుంటే బట్టలు ఉతికే చేతులెవరివి? బయట తినొద్దనుకుంటే, అతిథుల్ని రోజూ రానిద్దామనుకుంటే, పొయ్యి దగ్గర నిలబడేదెవరు? చాలా ఇళ్లలో భర్త పేరున్న సాక్ష్యం వెనక భార్య నడుమునొప్పి ఉంటుంది. గీత గీసే ముందు ప్రతి తగ్గింపు పక్కనా, దానివల్ల పెరిగే పనీ అది చేసే మనిషి పేరూ రాయండి. ఒకే పేరు నాలుగుసార్లు వస్తే పని పంచండి, లేదా ఆ తగ్గింపు వదిలెయ్యండి.

18వ శతాబ్దపు క్వేకరు (సాదా బతుకును పాటించే ఒక క్రైస్తవ శాఖవాడు) జాన్ వూల్మన్ సంగతి ఇక్కడ చెప్పాలి. న్యూజెర్సీలో దుకాణం నడిపేవాడు. వ్యాపారం పెరిగేకొద్దీ మనసు చిక్కుకుపోతోందని గ్రహించి, ఇంకే దుకాణానికి వెళ్లాలో చూసుకోమని కొనుగోలుదారులకు ముందుగా చెప్పి మరీ మూసేశాడు. దర్జీ పనితో, పండ్లతోటతో బతికాడు. అలా దొరికిన తీరికలో ఊరూరా తిరిగి, బానిసల్ని ఉంచుకున్న తోటి విశ్వాసుల ఇళ్లలో కూర్చుని వాళ్లను విడిచిపెట్టమని బతిమాలాడు. బానిసల శ్రమతో వచ్చిన పంచదార మానేశాడు. బతుకు తేలికైనవాడికే ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చెమట అని అడిగే ఖాళీ దొరుకుతుంది.

ఆ ఖాళీయే రెండో ఓర. డబ్బు కంటే దీన్ని వదలడం కష్టం. ఏడాదికొకసారి రెండువందల మంది కలిసి చేసే సేవాదినం కంటే, వారంలో ఒకే రోజు ఒకే వేళకు రెండు గంటలు ఏడాదంతా వచ్చే నలుగురు ఎక్కువ పని చేస్తారు. కారణం మామూలుదే: లేమిలో ఉన్నవాళ్లు తమ రోజును మీ రాకను బట్టి సర్దుకోగలుగుతారు. ఎప్పుడొస్తారో తెలియని సహాయం కోసం ఎవరూ కూలి మానుకుని కూర్చోలేరు. ఆ నలుగురిలో ఒకరికి జబ్బు చేస్తే పని ఆగకుండా ఇద్దరిని అదనంగా సిద్ధం చేసుకోండి. ఆరు వారాల పని తర్వాత ఒక వారం సెలవు ముందే రాసి పెట్టండి, లేకపోతే అలిసిపోయినవాళ్లు చెప్పకుండా మానేస్తారు.

ఇక భోజనం పెట్టడం. సంఘాలు ముందుగా చేపట్టేదీ ఎక్కువగా పొరపాట్లు జరిగేదీ ఇందులోనే. తెల్లవారుజామున వండి, వేడివేడిగా మూతపెట్టి, మధ్యాహ్నం పంచితే తిన్నవాళ్లకు వాంతులు కావచ్చు. ఉడికిన గింజల వంటల్లో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి గిన్నెలో గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా వేడిగా ఉంచండి, లేదా వండిన రెండు గంటల్లోపు వడ్డించండి. ఒక వంట థర్మామీటరు కొనండి, గిన్నె నడుమ గుచ్చి చూడండి. అంచున చెయ్యిపెట్టి చూస్తే తెలియదు. వాంతులు, విరేచనాలు ఉన్నవాళ్లు తగ్గాక కూడా రెండు రోజులు వంటింట్లోకి రాకూడదు, ఎంత భక్తితో వచ్చినా సరే.

వడ్డన గురించి కొరింథు సంఘం మనకు పాఠం చెప్పి పోయింది. ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుడయ్యాడని, లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారని పౌలు మండిపడ్డాడు. ఆయన చెప్పిన విరుగుడు ఒక్కటే: ఒకరికోసం ఒకరు ఆగండి. ఇప్పుడు మన వరుసలు చూడండి. ముందు నిలబడేది కాళ్లలో బలమున్నవాళ్లు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు చివరికొచ్చేసరికి గిన్నె అడుగు గీకుతుంటారు. వరుస తీసేసి కూర్చోబెట్టండి. ఆరుగురికొక బల్ల, బల్లకొక వడ్డించే మనిషి, ఆ మనిషీ వాళ్లతోపాటే కూర్చుని అదే తినాలి. నూరు మందికి వండితే మొదటి విడతలో ఎనభై మందికి సరిపడా బయటికి తెచ్చి, మిగతాది ఆలస్యంగా వచ్చేవాళ్లకోసం వంటింట్లోనే వేడిగా ఉంచండి. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లే చాలాసార్లు ఎక్కువ ఆకలితో వస్తారు.

బట్టల గురించి ఒక్క మాట. అపొస్తలుల కార్యములు 9లో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చినవి, ఆమె తానుండగా కుట్టిన అంగీలూ వస్త్రాలూ. వాడి పారేసినవి కావు. పాత బట్టలు ఇవ్వాలనుకుంటే ఉతికి, గుండీలు చూసి, కొలతల ప్రకారం తాడుకు తగిలించి, వచ్చినవాళ్లు ఎంచుకునేలా పెట్టండి. వచ్చే ఆదివారం మీరే ఆరాధనకు వేసుకెళ్లలేని బట్టను ఆ తాడు మీద వెయ్యకండి.

సంఘపు డబ్బు లెక్క దగ్గర నేను మొండిగా ఉంటాను. యేసు శిష్యుల డబ్బుసంచి మోసినవాడే దొంగ అని యోహాను 12 చెబుతోంది. అంతటి సహవాసంలోనే అలా జరిగితే, మా వాళ్లు మంచివాళ్లు అన్న భరోసా ఎక్కడ నిలుస్తుంది? 2 కొరింథీయులకు 8లో పౌలు, ఈ పెద్ద మొత్తం విషయంలో తమను ఎవరూ తప్పుపట్టకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ మేలైనదే చేయాలని తోడుగా సంఘాలు ఏర్పరచిన మనిషిని పంపుతున్నానన్నాడు. కాబట్టి పెట్టె తెరిచేటప్పుడు బంధుత్వం లేని ఇద్దరుండాలి. అప్పటికప్పుడే లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఖాతాకు రెండు సంతకాలు. నెలకొకసారి వచ్చినదీ పోయినదీ మిగిలినదీ గోడమీద అతికించాలి. పొందినవాళ్ల పేర్లు మాత్రం గోడమీదికి రాకూడదు. విశ్వాసి విశ్వాసికి విడిగా అప్పివ్వడం మాన్పించండి. తీర్చలేనివాడు ముఖం చెల్లక ఆరాధనకే రావడం మానేస్తాడు, డబ్బూ మనిషీ ఇద్దరూ పోతారు. ఇస్తే ఊరికే ఇవ్వాలి, లేదా సంఘపు నిధినుంచి వడ్డీ లేకుండా, గడువు రాసి ఇవ్వాలి.

ఎవరికివ్వాలో తేల్చే చోట అపొస్తలుల కార్యములు 6ను నిదానంగా చదవాలి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీలో పట్టించుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు విచారణ సంఘం వెయ్యలేదు, సణగొద్దని ప్రసంగించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న పక్షం చేతికే తాళంచెవి వెళ్లినట్టు కనిపిస్తోంది. మన కమిటీల్లో ఇచ్చేవాళ్లే కూర్చుని, పుచ్చుకునేవాళ్ల గురించి మాట్లాడతారు. కనీసం మూడోవంతు స్థానాల్లో, ఒకప్పుడు ఆ సహాయం అందుకున్నవాళ్లు ఉండాలి. ఏ ఇంట్లో గౌరవంకొద్దీ నోరు విప్పరో, ఏ ఇంట్లో అలవాటుకొద్దీ అడుగుతారో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 251 నాటికి రోము సంఘం 1,500 మందికి పైగా విధవరాండ్రనూ దీనులనూ పోషిస్తోందని అప్పటి బిషప్పు కొర్నేలి ఉత్తరం చెబుతోంది. అంతమందిని ఒకరి జాలి మీద ఆధారపడి నడపలేరు. దానికి పట్టిక కావాలి. మన పట్టికనూ మూడు నెలలకొకసారి తిరగెయ్యాలి, తీసెయ్యడానికే కాదు, చేరని పేర్లకోసం.

సహాయానికి షరతు కట్టొద్దు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ తొమ్మిదిమంది స్వస్థతను యేసు వెనక్కి తీసుకోలేదు. 362లో క్రైస్తవులంటే గిట్టని చక్రవర్తి జూలియన్ తన పూజారికి రాస్తూ, వీళ్లు తమ బీదల్నే కాక మన బీదల్నీ పోషిస్తున్నారని వాపోయాడు. వాళ్ల బల్ల దగ్గర హాజరుపట్టీ ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ప్రార్థనకు వస్తేనే సంచి అన్నచోట అది దానం కాదు, బేరం. పుచ్చుకునేవాళ్ల ముఖాలు ఫొటో తీయకండి. పొలం యజమాని బోయజు, పరిగె ఏరుకోవడానికి వచ్చిన పరదేశి రూతు విషయంలో పనివాళ్లకు చెప్పిందేమిటి? ఆమెను అవమానపరచొద్దు, ఆమె ఏరుకోవడానికి కొన్ని పరకలు కావాలనే వదిలెయ్యండి అన్నాడు. దాతలు రుజువు అడిగితే లెక్క చూపించండి, ముఖం కాదు. పిల్లలతో పని ఉన్నచోట బంధుత్వం లేని ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. దీనికి పాస్టరుతో సహా ఎవరికీ మినహాయింపు లేదు.

ఐశ్వర్యమే ఆశీర్వాదమని బోధించేవాళ్లకు నా జవాబు చిన్నదే: 2 కొరింథీయులకు 9లో దేవుడు సమృద్ధిగా ఇస్తాడన్నది నిజమే, ఎందుకో కూడా అక్కడే రాసి ఉంది, ప్రతి మంచి పనికోసం. ఒక్కో ఇంటి దానంతో లేమి పోదు, వ్యవస్థ మారాలి అనేవాళ్ల మాట ఇంతకంటే బరువైనది. ఓరల నియమం దయగల రైతుకు మాత్రమే ఇచ్చిన సలహా కాదు, అందరికీ పెట్టిన చట్టం. కాబట్టి కూలి ఎగ్గొట్టేవాణ్ణి యాకోబు 5 అడిగినట్టు అడగాల్సిందే. ఆ అడగడం కూడా, మూడో గడిలో పేరున్న మనిషి పక్కన నిలబడినవాడు అడిగితేనే నిలుస్తుంది.

చివరిగా జబ్బుపడ్డవాళ్లనూ, మనిషిని పోగొట్టుకున్న ఇళ్లనూ చూడ్డానికి వెళ్లడం. ఖర్చు లేనిది, అందుకే తూతూమంత్రంగా అయిపోయేది. వెళ్లే ముందు అడిగి వెళ్లండి. మీకే దగ్గు ఉంటే వెళ్లకండి. చేతులు కడుక్కుని, నిలబడకుండా, వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చోండి. ఇరవై నిమిషాలు చాలు. జబ్బు వివరాలు తవ్వొద్దు, ఇంకెవరికో ఇలాగే అయిందన్న కథలు చెప్పొద్దు. ఏమైనా కావాలంటే చెప్పండి అనొద్దు, ఎవరూ చెప్పరు. రేపు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు, రాత్రిపూట పక్కన ఎవరుంటున్నారు అని అడగండి. రాత్రుళ్లు కాచుకునే ఆ మనిషి మూడు గంటలు నిద్రపోయేలా మీరు కూర్చోవడం, మీరు తీసుకెళ్లే ఏ పండ్లకంటే విలువైనది. ప్రార్థన చెయ్యమంటారా అని అడిగి, సరేనంటే నాలుగు వాక్యాల్లో చెయ్యండి. చావు జరిగిన ఇంట్లో మొదటి వారం జనం కిటకిటలాడతారు, ఆరో వారానికి ఎవరూ ఉండరు. ఆరో వారం, మూడో నెల, ఏడాది తిరిగే రోజు, ఈ మూడూ సమాధి దగ్గరినుంచి వచ్చిన సాయంత్రమే క్యాలెండరులో రాసుకోండి. లూకా 10లో దారిలో గాయపడ్డవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి ఊరుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు మిగతాది తీరుస్తానన్నాడు. లేచేటప్పుడు మీరు మళ్లీ ఎప్పుడొస్తారో తేదీ చెప్పి లేవండి. ఆ తేదీకి ముందురోజు ఒకసారి ఫోన్ చెయ్యండి.